మూడు పూటలు పిండి చూడాలి

మా అమ్మ ఆరు బర్రెల్ని అమ్మితే వచ్చిన డబ్బు మొత్తం ఒకే కంపెనీ షేర్లలో పెట్టించేదాన్ని నేను. ఒక్క రోజులో తప్పింది. ఇప్పుడు నవ్వుతూ చెప్తున్నాను గానీ, అప్పుడు నాకున్న ధీమా చూస్తే మీరు కూడా మీ డబ్బు తెచ్చి నా చేతిలో పెట్టేవాళ్లు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. ఏ రోజు బస్సు ఉంటుందో, ఏ రోజు ఎల్బీ నగర్ చౌరస్తాలో రోడ్డు మీద కూర్చుంటారో తెలిసేది కాదు. నాకు ఇంటర్లో ఇంగ్లీషు మిగిలిపోయింది. రెండుసార్లు కట్టాను, రెండుసార్లూ పోయింది. మూడోసారి ఫీజు దండగ అని అమ్మ పాలు పోసే ఇళ్లలో నా కోసం పని అడగడం మొదలుపెట్టింది. మాది బడంగ్‌పేట్. నాన్న పోయాక ఎనిమిది బర్రెల్ని అమ్మ ఒక్కతే సాకింది. చైతన్యపురిలో తను పాలు పోసే ఇళ్లలో ఒకటి షేర్ల ఆఫీసు నడిపే సారుది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినా ఆయన మాట మాత్రం నిన్న బస్సు దిగినట్టే ఉండేది.

"సారూ, మా పిల్ల ఖాళీగ కూసున్నది. లెక్కలల్ల మస్తు హుషారు. జర ఏదన్న పని చూపియ్యుండ్రి" అందట అమ్మ.

"పాలల్లో నీళ్లు కలపనని మాటివ్వు, చూపిస్తా" అన్నారట సారు.

"నీళ్లు గలిపితే మీరింత లావెట్లయితరు సారూ?"

అలా నాకు ఉద్యోగం వచ్చింది.

ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో, ఒక పుస్తకాల షాపు మీద మొదటి అంతస్తులో. నాలుగు కంప్యూటర్లు, గోడకు ఒక టీవీ, వరుసగా ప్లాస్టిక్ కుర్చీలు. పొద్దున తొమ్మిదింటికల్లా రిటైరైన పెద్దవాళ్లు వచ్చి ఆ కుర్చీల్లో కూర్చుని, సినిమా చూసినట్టు మార్కెట్ చూసేవాళ్లు. మొదట్లో నా పని ఫారాలు నింపడం, ఫోన్లు ఎత్తడం. ఆర్నెల్లలో టెర్మినల్ మీద కొనడం, అమ్మడం కూడా నేర్చుకున్నాను. బంద్ ఉన్నా మా ఆఫీసు ఆగేది కాదు. బంద్ మనకు గానీ బొంబాయికి కాదు కదా! షట్టర్ సగం దించి, వంగి లోపలికి దూరి పనిచేసేవాళ్లం. మా ఇంట్లో రెండింటికే బంద్ లేదు, అమ్మ పాలకూ నా షేర్లకూ. చౌరస్తాలో కూర్చున్న పిలగాళ్లు కూడా అమ్మ క్యాన్లు చూడగానే, "పాలక్క ఒస్తున్నది, జరుగుండ్రిరా" అని దారి ఇచ్చేవాళ్లు.

ఒకరోజు మార్కెట్ మూసేశాక సారు ఒక పాత ఫారం వెనక పెన్నుతో గీసి నాకు పీఈ చెప్పారు.

"షేరు ధర నూట యాభై అనుకో అమ్మాయ్. ఏడాదికి ఒక్కో షేరు మీద కంపెనీ సంపాదించేది పది రూపాయలనుకో. నూట యాభైని పదితో భాగిస్తే ఎంత?"

"పదిహేను."

"అదే పీఈ. ఆ కంపెనీ సంపాదించే ఒక్కో రూపాయికీ జనం పదిహేను రూపాయలు పోసి కొంటున్నారన్నమాట."

"గంతేనా సార్? గిది మా బర్రెల బేరమే గద!"

"మధ్యలో గేదెలేంటి?"

"ఎనిమిది లీటర్ల బర్రె నలభై వేలంటే, లీటరుకు ఐదు వేలు పడ్డట్టు. మావోళ్లు బర్రె ధర అడగరు సార్, లీటరుకెంత పడ్డదని అడుగుతరు. మీ రూపాయి, మా లీటరు. గంతే తేడా."

సారు పెన్ను కింద పెట్టేసి నవ్వారు. "నాకిది బుర్రకెక్కడానికి మూడు నెలలు పట్టింది. నువ్వు మూడు నిమిషాల్లో పాలు పిండేశావే!"

ఆ మాటకు నేను గాల్లో నడిచాను. ఇంటర్ తప్పినదాన్ని, డిగ్రీలు చదివినవాళ్లకు అర్థం కానిది నాకు అర్థమైందంటే మరి! మర్నాటి నుంచి ఆఫీసుకు వచ్చే పెద్దవాళ్లకు నేనే చెప్పడం మొదలుపెట్టాను. పీఈ తక్కువుంటే చవక, ఎక్కువుంటే పిరం. అంతే. బండగుర్తు.

ఇక బర్రెల సంగతి. మా కొట్టం పక్కన ఖాళీగా ఉండే జాగా అంతా ప్లాట్లయిపోయింది. మేత లేదు. ఎండుగడ్డి కొంటే పాల డబ్బు దానికే పోయేది. పైగా ఎదురుగా కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ వాళ్లు పేడ వాసన అని రోజుకొకరు వచ్చి పోట్లాడేవాళ్లు. అమ్మ నాలుగు రోజులు కొట్టం చుట్టూ తిరిగి, అయిదో రోజు "రెండు ఉంచుకుంట, ఆరు అమ్మేస్త" అంది.

యాచారం వైపు నుంచి ఒకాయన కొనడానికి వచ్చాడు. సాయంత్రం వచ్చినవాడు ఒక పూట పాలు పిండి చూసి పోతాడనుకున్నాను. వెళ్లడే!

"అక్కా, మూడు పూటలు పిండి చూసినంకనే మాట" అన్నాడు.

"నాలుగు పూటలు చూస్కో. నాకేం భయం?" అంది అమ్మ.

అతను ఆ రాత్రి మా కొట్టంలోనే పడుకున్నాడు. పొద్దున మళ్లీ దగ్గర కూర్చుని పిండించి, కొలిచి, సాయంత్రం దాకా ఉండి మళ్లీ కొలిచాడు. అతనికి రెండు పూటలు అన్నం వండింది ఎవరు? నేను. సణుక్కుంటూ వండాను. చివరికి బేరం కుదిరి రెండు లక్షల నలభై వేలు అమ్మ చేతిలో పెట్టాడు. బర్రెలు లారీ ఎక్కుతుంటే అమ్మ ఇంట్లోకి వెళ్లి కూర్చుంది, బయటికి రాలేదు.

ఆ డబ్బు మా ఇద్దరి బతుకు. అమ్మ మోకాళ్లు అప్పటికే మొరాయిస్తున్నాయి. ఇంకెన్నేళ్లు ఇల్లిల్లూ తిరుగుతుంది? బ్యాంకులో వేద్దామంటే, "బ్యాంకుల ఏమొస్తదే, ఎండకాలం బర్రె పాల లెక్క జర జర" అంటుంది. ప్లాటు కొందామంటే ఆ డబ్బుకు రాదు. పైగా ఆ రోజుల్లో, రాష్ట్రం వస్తే భూముల ధరలు పడిపోతాయని ఒకడు, పెరుగుతాయని ఒకడు. నేను మాత్రం గుండె మీద చెయ్యి వేసుకుని, "నాకు ఇడ్సిపెట్టు, నేను పెడత" అన్నాను. అమ్మ నా మొహం కేసి చూసి సరే అంది.

సరిగ్గా ఆ వారమే సారు ఒక కంపెనీ దొరికిందని సంబరపడిపోతున్నారు. బోరు మోటార్లు చేసే పాత కంపెనీ. షేరు ధర నూట ఇరవై, ఏడాది సంపాదన షేరుకు ఇరవై. పీఈ ఆరు!

"ఏళ్ల తరబడి ఇది పదిహేను దగ్గర తిరిగే షేరు అమ్మాయ్. ఇప్పుడు ఆరుకి దొరుకుతోంది. మళ్లీ పదిహేనుకి వెళ్లిందంటే చూస్కో, మూడొందలు!"

నూట ఇరవైది మూడొందలు అవుతుంది. అమ్మ రెండు లక్షల నలభై వేలు ఆరు లక్షలవుతుంది. షేర్ ఆటోలో ఇంటికి వస్తూ ఆరు లక్షలకు అప్పుడే ఖర్చులు రాసేసుకున్నాను. పైన రేకులు తీసి స్లాబ్ వేయించాలి, అమ్మ మోకాళ్లు మంచి దవాఖానలో చూపించాలి, నాకు స్కూటీ.

అమ్మ ఉన్న రెండు బర్రెలకూ కుడితి పెడుతోంది. పక్కన నిలబడి గబగబా చెప్పాను. షేరన్నా, కంపెనీ అన్నా అర్థం కాదని బర్రె భాషలోనే చెప్పాను. "బర్రె ధర నూట ఇరవై అనుకో అమ్మా. పాలు ఇరవై లీటర్లు. లీటరుకు ఆరే పడ్తది. చుట్టుపక్కల యాడ చూసినా పదిహేను నడుస్తున్నది."

అమ్మ కుడితి తొట్టి లోంచి చెయ్యి తీసింది. "మంచిదే. పోయినేడు ఎన్ని లీటర్లిచ్చింది?"

"ఎనిమిది."

"అంతకు ముందటేడు?"

"ఎనిమిదే. దానికి ముందు ఏడున్నర."

"మరి ఎనిమిది లీటర్లిచ్చే బర్రె ఒక్కపారి ఇరవై ఎట్లిచ్చిందే?"

"ఇచ్చింది! మంచిగ పనిచేసిండ్రు, లాభమొచ్చింది."

"పొద్దుగాల పిండకుండ ఆపిండ్రేమో అడిగినవా?"

"కంపెనీకి పొదుగు ఉంటదా అమ్మా? ఏం మాట్లాడుతవే!"

అమ్మకు కోపం రాలేదు. చెయ్యి కొంగుకు తుడుచుకుని, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "దొంగ బేరగాళ్లు ఏం జేస్తరు? పొద్దుగాల పూట పాలు పిండరు. పొద్దుమీకి కొనేటోడొచ్చినప్పుడు రెండు పూటల పాలు ఒక్కపూటల పిండి చూపిస్తరు. బకీటు నిండుతది. కొనేటోడు ఆగమైతడు. అందుకే గా యాచారమాయన మన కొట్టంల పండుకున్నడు, నువ్వు మూతి ముడుచుకున్నా సరే. మీ సారు ఎన్ని పూటలు చూసిండు?"

సారు చూసింది ఒక్క పూట. పాత అంకెలు నోటికి చెప్పారు గానీ, నమ్ముకున్నది ఈ ఏడాది ఒక్కటే. నేనైతే అది కూడా చూడలేదు. ఆయన చెప్పింది విన్నాను.

"పోరి, ఆ పైసలు నా బర్రెలు. మంచిగ అడిగి పెట్టు" అని లోపలికి పోయింది.

మర్నాడు బంద్. ఆటోలు కూడా లేవు. ఎల్బీ నగర్ దాకా అమ్మ పాల బండి మీద వెళ్లి, అక్కణ్నుంచి దిల్‌సుఖ్‌నగర్‌కు నడిచాను. షట్టర్ కింద నుంచి దూరేసరికి సారు ఫోన్లో ఎవరికో ఆ మోటార్ల కంపెనీ గురించే చెప్తున్నారు. నేను నా కుర్చీలో కూర్చుని ఒక ఫారం వెనక గీతలు కొట్టాను. ఒక వరుసలో సంవత్సరం, ఒక వరుసలో షేరు ధర, ఒక వరుసలో సంపాదన, చివర భాగిస్తే వచ్చే అంకె. కంప్యూటర్లో వెనక్కి వెళ్లి పదేళ్లవి రాశాను. పద్నాలుగు, పదహారు, పదిహేను, పదిహేను... ఇలా తొమ్మిదేళ్లు. పదో ఏట మాత్రం ఆరు.

సారు ఫోన్ పెట్టేశాక కాగితం ముందు పెట్టాను. "సార్, పొద్దుగాల పూట పాలు ఆపిండ్రేమో అని మా అమ్మ అడుగుతున్నది."

"ఏంటీ?"

మొత్తం చెప్పాను. ఆయన నవ్వారు, తర్వాత విసుక్కున్నారు. "గేదెకీ కంపెనీకీ ముడేస్తే ఎలా అమ్మాయ్? లాభం పెరిగింది కాబట్టే పీఈ తగ్గింది. మోటార్లు బాగా అమ్ముడయ్యుంటాయి."

"పొలాలకు కరెంటే ఇస్తలేరు, మోటార్లెవరు కొన్నరు సార్?"

ఆ మాటకు సారు లేచారు. లోపలి గదిలోంచి ఆ కంపెనీ యాన్యువల్ రిపోర్టు తెచ్చి టేబుల్ మీద వేశారు. నా ఇంగ్లీషు సంగతి చెప్పాను కదా, రెండుసార్లు పోయింది. అయినా అంకెలు చూడగలను. మోటార్లు అమ్మితే వచ్చిన డబ్బు పోయినేడు ఎంతో ఈ ఏడు కూడా దాదాపు అంతే. లాభం మాత్రం రెండున్నర రెట్లు! వేలు పెట్టి చూపించాను. సారు కళ్లజోడు పైకి తోసుకుని వెనక పేజీలు తిప్పారు. ఎక్కడో చివర, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. కంపెనీ తన పాత ఫ్యాక్టరీ జాగా అమ్మేసింది. ఆ డబ్బు కూడా ఈ ఏటి లాభంలో కలిపి చూపించింది.

తప్పేం చేయలేదు వాళ్లు. రాసే ఉంచారు. చదవనిది మేము.

"ఇరవైలో పన్నెండు జాగాది" అన్నారు సారు నెమ్మదిగా.

"మోటార్లది ఎనిమిదే. నూట ఇరవైని ఎనిమిదితో భాగిస్తే పదిహేను సార్. ఎప్పుడూ ఉన్న పదిహేనే. చవకేం లేదు. ఆ జాగా మళ్ల అమ్ముదామంటే వచ్చే ఏడు ఉండదు గద?"

"ఓరి నాయనో" అని సారు కుర్చీలో వెనక్కి వాలిపోయారు. ఆయన సొంతానికి అంతకు ముందురోజే కొన్నారు. వెంటనే ఫోన్ తీసుకుని, పొద్దున్నించీ కొనమని చెప్పిన వాళ్లందరికీ మళ్లీ చేసి వద్దని చెప్పారు. ఒకాయన అవతల్నుంచి గట్టిగా అరిచింది నాకు ఇక్కడికి వినిపించింది. "పొద్దున కొనమన్నావు, ఇప్పుడొద్దంటావు, మధ్యలో ఏమైందయ్యా?" సారు నా వైపు చూసి, "మా రీసెర్చ్ వాళ్లు ఫోన్ చేశారండీ" అన్నారు. నాకు నవ్వు ఆగలేదు.

"మీ అమ్మకు చెప్పకు" అన్నారు ఫోన్ పెట్టి. "ఇక ఈ జన్మలో పాల్లో నీళ్ల మాట ఎత్తను."

ఎందుకు చెప్పను? ఆ సాయంత్రమే చెప్పాను.

తర్వాత నెల రోజులు నాకు అదే పని. ఏ కంపెనీ పేరు విన్నా ఫారం వెనక పదేళ్లు రాసేదాన్ని. అప్పుడు తెలిసింది, చివరి అంకె ఒక్కటి చూస్తే ఏమీ తెలియదని. ఆరు అంటే షేరు ధర పడిపోయి ఆరు అయిందా, సంపాదన పెరిగి అయిందా, ఊరికే ఒక్క ఏడు పొంగిందా? పిరమనుకున్నది ఒక్కోసారి లాభం బాగా తగ్గిన ఏడు వల్ల పిరంగా కనిపిస్తుంది, ఆ మరుసటేడు మామూలైపోతుంది. ఒక్కో కంపెనీకి ఒక్కో నడత. మన బర్రె ఎట్లాంటిదో మనకు తెలియాలంటే దాని పక్కన చాలా పూటలు కూర్చోవాలి.

చివరికి ఒకటి పట్టాను. ప్లాస్టిక్ పైపులు, నీళ్ల ట్యాంకులు చేసే కంపెనీ. షేరు నూట అరవై, సంపాదన పది, పీఈ పదహారు. పదేళ్లుగా పదహారూ పద్దెనిమిదీ మధ్యే. కానీ సంపాదన వరుస చూస్తే ఏటా కొంచెం, ఏటా కొంచెం పైకి. ఒక్క ఏడు కూడా పొంగలేదు, ఒక్క ఏడు కూడా ఎండలేదు. మా బడంగ్‌పేట్‌లో లేస్తున్న ప్రతి ఇంటి మీదా వాళ్ల ట్యాంకే.

"పదహారంటే చవకేం కాదు అమ్మాయ్" అన్నారు సారు.

"చవకది ఒద్దు సార్. మొన్న చూసినం గద చవకది."

సంతకాలు పెట్టడానికి అమ్మ ఆఫీసుకు వచ్చింది. మోకాలు పట్టుకుని మెట్లెక్కి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని టీవీలో పరిగెడుతున్న అంకెల్ని చూసింది. ఆమె పేరు మీదే ఖాతా.

"అమ్మేటోడు ఎవడే?" అంది.

"తెల్వదమ్మా. బొంబాయిల ఉండొచ్చు, ఇంకోతాన ఉండొచ్చు."

"ఎందుకమ్ముతున్నడో అడగొద్దా?"

"అడగడం కుదరదమ్మా" అన్నారు సారు.

"మొఖం చూడకుండ బేరం చేసుడు నా బతుకుల గిదే మొదలు సారూ" అని అమ్మ నిట్టూర్చింది. "రెండు లక్షలే పెట్టు బిడ్డా. నలభై వేలు ఇంట్ల ఉండని. ఉన్న రెండూ మేయాలె గద."

పన్నెండొందల యాభై షేర్లు కొన్నాను. బటన్ నొక్కేటప్పుడు నాకు భయం లేదు, అది నిజం.

భయం తర్వాత వచ్చింది. ఆర్నెల్లలో మార్కెట్ మొత్తం జారింది. మా నూట అరవై నూట పాతికకు దిగింది. కుర్చీల్లో కూర్చునే పెద్దవాళ్లు, "ఏమ్మా పైపులమ్మా, ఎక్కడో లీకవుతున్నట్టుందే" అని ఎగతాళి చేశారు. సారు కూడా నష్టానికి అమ్మేసుకోమన్నారు. అమ్మకు ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు నానబెట్టి, మూడో రోజు చెప్పాను.

"పాలు తగ్గినయా?" అంది.

"లేదు. పది ఉండె, పదకొండైంది."

"బర్రె గడ్డి తింటున్నదా?"

"తింటున్నది."

"మరింక గా సంతల ఎవడు ఎంతకడిగితే నీకేంది? నువ్వు సంతకు తోలుకపోతున్నవా?"

పక్కన ఆ మోటార్ల కంపెనీ ఏడాది తిరిగేసరికి సంపాదన ఏడుకు వచ్చింది, షేరు ఎనభై చిల్లరకు వచ్చింది. సారు ఉన్నవి ఎప్పుడు అమ్మారో నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

ఏళ్లు గడిచాయి. రాష్ట్రం వచ్చింది. ఎల్బీ నగర్ చౌరస్తాలో డప్పులు, గులాల్, పటాకులు. సారు ఆ రోజు ఆఫీసు తొందరగా మూసేశారు. మర్నాడు అమ్మ ఎప్పటిలాగే చైతన్యపురిలో వాళ్ల గుమ్మం ముందు క్యాను దించింది. అప్పటికి ఆ రెండు బర్రెల పాలు సారు వాళ్ల వీధి వరకే. నేను కూడా వెంట ఉన్నాను.

"ఏమ్మా, ఇక మేం ఉండొచ్చా, పెట్టె సర్దుకోమంటావా?" అన్నారు సారు. నవ్వుతూనే అన్నారు గానీ కళ్లలో నవ్వు లేదు.

"గదేం మాట సారూ? గిన్నె తెచ్చుకోండ్రి, పాలు పోస్త."

సారు గిన్నె పట్టారు. "మీ పైపుల షేరు నాలుగొందలైంది తెలుసా?" అన్నారు. "ఎప్పుడూ పదహారు, పద్దెనిమిది మధ్య ఉండేది, ఇప్పుడు పీఈ ఇరవైకి ఎక్కింది. ఖరీదైపోయిందమ్మా. అమ్మేస్తే అయిదు లక్షలు. నా మాట విను."

అమ్మ నా వైపు తిరిగింది. "ఇప్పుడు ఎన్నిస్తున్నది?"

"ఇరవై."

"మనం పెట్టింది?"

"నూట అరవై."

అమ్మ పెదాలు కదిపి లెక్క వేసుకుంది. ఆమె కాగితం మీద ఎప్పుడూ లెక్క చేయలేదు. "కొత్తగ కొనేటోనికి ఇరవై సారూ. మాకు ఎనిమిదే గద?"

సారు గిన్నె గట్టు మీద పెట్టి ఆ లెక్క వేళ్ల మీద వేసుకున్నారు. మార్కెట్లో ఇరవై ఏళ్లున్న మనిషి. పీఈ అంటే టీవీలో కనిపించే అంకె ఒక్కటే అని నేనూ అనుకున్నాను. కొన్నవాడికొక పీఈ ఉంటుందనీ, సంపాదన పెరిగే కొద్దీ ఏటేటా అది తగ్గుతూ వస్తుందనీ నాకప్పటిదాకా తట్టలేదు.

"ఏటేటా పెరిగేదాన్ని అమ్మి" అంది అమ్మ, క్యాను మూత బిగిస్తూ, "ఆ పైసలు పెట్టి మళ్ల గట్లాంటిది యాడ కొనాలె? మీకు తెలిస్తే చెప్పుండ్రి, ఇయ్యాల్నే అమ్ముత."

సారు ఒకటి రెండు పేర్లు చెప్పబోయి, నా మొహం చూసి, పదేళ్లు రాసుకు రమ్మంటానేమోనని ఆగిపోయారు. ఆ రోజు మేం ఏమీ అమ్మలేదు.